పలుగురాయి లేని రాళ్లు

చిత్తూరు

చిరంజీవులు భార్గవికి, చరణ్‌కు తాత ఆశీస్సులు.

సెలవులకు వచ్చినప్పుడు మన ఇంటి వెనక గుండు మీద అరచేయి రాసి, అది ఎందుకంత గరుకుగా ఉందని భార్గవి అడిగింది. ఆనాడు తొందరలో సగమే చెప్పాను. అది గ్రానైటు. ఎండకూ వానకూ అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం మెల్లగా మట్టిగా మారిపోతుంది. పలుగురాయి గింజలు మాత్రం అరగక పైకి పొడుచుకొని నిలుస్తాయి. చేతికి తగిలినవి ఆ గింజలే.

గ్రానైటులా, కరిగిన రాయి చల్లారి గడ్డకట్టిన అగ్నిశిలల్లో పలుగురాయి బొత్తిగా లేనివి కూడా ఉన్నాయి. సోడియం, పొటాషియం దండిగా ఉండి, వాటికి సరిపడా సిలికా (పలుగురాయిలో ఉండే పదార్థం ఇదే) లేని శిలాద్రవం నేల పైకి రాకుండా లోపలే గడ్డకడితే నెఫెలిన్ సైనైటు వంటి క్షారశిలలు ఏర్పడతాయి. నెఫెలిన్ అనే ఖనిజానికీ పలుగురాయికీ ఒక్కచోట పొసగదు. సిలికా మిగిలి ఉంటే అది నెఫెలిన్‌తో కలిసి ఫెల్డ్‌స్పార్ అయిపోతుంది. ప్రకాశం ప్రాంతంలోని ఏల్చూరులో నెఫెలిన్ సైనైటు ఉంది. నెఫెలిన్ ఫెల్డ్‌స్పార్ కంటే త్వరగా శిథిలమవుతుంది కనుక, వానకు తడిసి ఎండకు ఎండిన సైనైటు మీద గింజలకు బదులు చిన్న చిన్న గుంటలు పడతాయి. మన గుండుకు ఇది సరిగ్గా తలకిందులు. రాళ్లను గుర్తుపట్టడం వేలికొనతో మొదలుపెట్టాలని నేను నమ్ముతాను. ఆమ్లంలో వేస్తే నెఫెలిన్ మబ్బు పట్టినట్లు మసకబారుతుంది; మబ్బు అనే అర్థమున్న గ్రీకు మాట నుంచే దానికి ఆ పేరు వచ్చింది.

ఇటువంటి శిలాద్రవం ఎలా పుడుతుందో చరణ్‌కు సులభంగా తెలుస్తుంది. పుల్లైసు చప్పరిస్తే రంగూ తీపీ ముందే నోట్లోకి వచ్చేసి, చివరకు తెల్లని చప్పటి మంచు మిగులుతుంది కదా! భూమి పైపొర కింద ఉండే భూప్రావారంలో బాగా లోతున రాయి ఏ కొద్ది భాగమో కరిగినప్పుడు కూడా, అక్కడి స్ఫటికాలలో ఇమడని నయోబియం, జిర్కోనియం, లాంథనం, సీరియం, నియోడిమియం వంటి మూలకాలు ముందుగా ఆ కొద్దిపాటి ద్రవంలోకే చేరతాయి. అది పైకి వచ్చి చల్లబడుతున్నప్పుడూ తొలి స్ఫటికాలు వాటిని తీసుకోవు. అందువల్ల ఆఖరున మిగిలిన ద్రవంలో అవి చిక్కబడి ఖనిజాలవుతాయి. రష్యాలోని కోలా ద్వీపకల్పంలో ఖిబిని కొండల నుంచి ఎరువులకు పనికివచ్చే అపటైటునూ, పక్కనే ఉన్న లోవోజెరో నుంచి నయోబియం కలిగిన లోపరైటునూ తవ్వుతున్నారు.

ఈ శిలలకు తోబుట్టువు కార్బొనటైటు. సగానికి పైగా కార్బొనేటు ఖనిజాలే ఉన్న అగ్నిశిల అది. ప్రపంచానికి కావలసిన నయోబియంలో అధికభాగం బ్రెజిల్‌లోని అరషా కార్బొనటైటు నుంచే వస్తుంది. టాంజానియాలోని ఓల్‌డోయిన్యో లెంగాయ్ అగ్నిపర్వతం నేటికీ కార్బొనటైటు లావాను కక్కుతుంది; నల్లగా పారిన ఆ లావా గాలి తేమకు కొద్ది రోజుల్లోనే తెల్లబడుతుంది.

అంత దూరం పోనవసరం లేదు. తమిళనాడులో తిరుపత్తూరు దగ్గరి సేవత్తూరులో కార్బొనటైటు ఉంది. అక్కడే వర్మిక్యులైటు కూడా దొరుకుతుంది. నర్సరీవాళ్లు కుండీల మట్టిలో కలిపే తేలికపాటి బంగారు రంగు పెచ్చులు వర్మిక్యులైటును కాల్చి ఉబ్బించినవే. కాల్చని ముక్కలు నాలుగు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. చూడడానికి కాకిబంగారంలా ఉంటాయి. మీ అమ్మను ఒక ముక్క పటకారుతో పట్టుకొని మంట మీద పెట్టమనండి, మీరు కాస్త ఎడంగా నిలబడి చూడండి. పొరల మధ్య ఉన్న నీరు ఆవిరై, పెచ్చు పురుగులా మెలికలు తిరుగుతూ సాగుతుంది.

ఇట్లు,
మీ తాత