టేకైనా కదులుతుంది: కర్ర పని, పొదిగిన నగిషీల మీద అపోహలు – వాస్తవాలు

వానలు మొదలైతే చాలు, నా ఫోన్‌కి ఫొటోలు మొదలవుతాయి. తలుపు పట్టేసిందనో, డైనింగ్ టేబుల్ పలక వంపు తిరిగిందనో, పూజా మందిరం వెనక చెక్క నిలువునా చీలిందనో. "మా వడ్రంగి మోసం చేశాడా అన్నా, మీరే చూసి చెప్పండి" అని అడుగుతారు. కింద ఇంకో మాట తప్పకుండా ఉంటుంది: "ఒరిజినల్ టేకే అన్నా, మహారాష్ట్ర బల్లార్షా కర్ర."

ఆ మాట దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. అడిగినవాళ్ల మీద కాదు. లక్షలు పోసి చేయించుకున్నారు, భయం ఉంటుంది. టేకు అన్న పేరు చెప్పి "ఇక జీవితంలో కదలదు సార్" అని అమ్మేవాళ్ల మీద కోపం. నేను విశాఖలో చేతి పనిముట్లతో చిన్న చిన్న బల్లలు, పెట్టెలు, మందిరాలు చేస్తాను, వాటి మీద చెక్కలో చెక్క పొదిగి నగిషీ చేస్తాను. యంత్రం లేకుండా చేసేవాడికి కర్ర స్వభావం తెలియకపోతే పూట గడవదు. అందుకని ఈ ఒక్క అపోహ మీద కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను. మిగతావి గబగబా చెప్పేస్తా.

అపోహ: మంచి టేకు, బాగా ఆరిన టేకు ఇక కదలదు.

కదులుతుంది. కొట్టి వందేళ్లయినా కదులుతుంది. గాలిలో తేమ పెరిగితే కర్ర తాగుతుంది, తగ్గితే వదిలేస్తుంది. ఆరడమంటే తేమ మొత్తం పోవడం కాదు, ఆ ఊరి గాలితో కర్ర రాజీకి రావడం. హైదరాబాద్‌లో నడివేసవిలో నీడన ఉన్న కర్రలో తేమ ఏడు శాతం దగ్గర ఆగుతుంది. అదే కర్ర శ్రావణంలో పద్నాలుగు దాకా ఎక్కుతుంది. మా సముద్రం పక్కనైతే ఏడాదిలో ఎక్కువ భాగం పదమూడు, పదిహేను మధ్యే తిరుగుతుంది. కర్రలో తేమ ఎంత దాకా ఉండొచ్చో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 287 దేశాన్ని గాలి తేమను బట్టి నాలుగు మండలాలుగా విడగొట్టింది కూడా ఇందుకే. ఒక ఊరికి సరిపోయిన ఆరుదల ఇంకో ఊరికి సరిపోదు.

ఇప్పుడు లెక్క చూడండి. మామూలుగా దుంగను వరసగా కోసుకుంటూ పోతే వచ్చే టేకు పలక, తేమ ఒక శాతం మారితే వెడల్పులో 0.186 శాతం మారుతుంది. రెండడుగుల వెడల్పు టేబుల్ పలక తీసుకోండి. వేసవికీ వానలకీ మధ్య ఆరు శాతం తేడా వస్తే ఆ పలక పావు అంగుళం పైనే, అంటే రెండు నూళ్లు, సాగి ముడుచుకుంటుంది. పొడవులో మాత్రం దాదాపు కదలదు. ఆరడుగుల పలక పొడవులో మీ కంటికి ఏమీ తెలియదు. గొడవంతా ఇక్కడే ఉంది: వెడల్పుకి ఒక న్యాయం, పొడవుకి ఒక న్యాయం. ఈ రెండింటినీ అడ్డంగా నిలువుగా పెట్టి ఫెవికాల్ పూసి, మేకులు దిగ్గొట్టి బిగిస్తే ఏదో ఒకటి ఓడిపోవాలి. జిగురు వదలదు, మేకు వదలదు, చివరికి చెక్క చీలుతుంది.

టేకు మంచిదనే మాట అబద్ధం కాదు. చాలా కర్రల కన్నా తక్కువ కదులుతుంది, అందుకే దానికి ఆ పేరు. తక్కువ కదలడాన్ని అసలు కదలకపోవడంగా అమ్ముతున్నారు, అదీ నా గొడవ. ఇంకా తక్కువ కదలాలంటే దుంగ నడిబొడ్డు నుంచి బయటికి వెళ్లేలా కోసిన పలక అడగండి. పలక చివర చూస్తే వలయాలు నిటారుగా నిలబడి కనిపిస్తాయి. అది మామూలు పలక కదిలేదాంట్లో దాదాపు సగమే కదులుతుంది. కోతలో కర్ర ఎక్కువ పోతుంది కాబట్టి మిల్లువాడు మొహం చిట్లిస్తాడు, ధర ఎక్కువ చెబుతాడు. చెప్పనివ్వండి.

మరి పాతవాళ్ల తలుపులు వందేళ్లు ఎలా నిలిచాయి? వాళ్లు కర్రతో పోట్లాడలేదు. చుట్టూ చట్రం కట్టి, చట్రంలో గాడి తీసి, పలకను ఆ గాడిలో జిగురు లేకుండా, మేకు లేకుండా వదిలేశారు. పలక ఆ గాడిలోనే పెరిగి తరుగుతుంది, చట్రానికి తెలియదు. టేబుల్ పలకకైతే కింది చట్రంలో స్క్రూ దూరే రంధ్రాన్ని గుండ్రంగా కాకుండా అడ్డంగా సాగదీసి కోయాలి. స్క్రూ బిగిసే ఉంటుంది, పలక జరుగుతుంది. అంతే విద్య. దీనికి యంత్రం అక్కర్లేదు, ఒక ఉలి, అరగంట ఓపిక చాలు.

కిందటి చలికాలం అమెరికా నుంచి ఒకావిడ రాత్రిపూట ఫోన్ చేశారు. చికాగో దగ్గర కొడుకు ఇల్లు. ఇక్కడ కోస్తాలో ఎవరి దగ్గరో చేయించి ఓడలో తెప్పించుకున్న టేకు మందిరం. డిసెంబర్‌లో వెనక పలక పై నుంచి కింది దాకా పగిలింది. పగిలేటప్పుడు పటాకీ పేలినట్టు చప్పుడు వచ్చిందట. ఆవిడ అప్పటి నుంచీ దీపం పెట్టడం మానేశారు. ఎవరో అపశకునమన్నారు, ఇంకెవరో శాంతి చేయించమన్నారు. "నాయనా, మందిరం అలా పగిలితే దీపం పెట్టొచ్చా?" ఆవిడ గొంతులో వణుకు నాకింకా వినిపిస్తూనే ఉంది.

పెట్టండమ్మా, చీలింది పలక, దేవుడికేమీ కాలేదు అన్నాను. కోస్తాలో ఉన్నప్పుడు ఆ కర్రలో తేమ పదిహేను శాతం దగ్గర ఉండి ఉంటుంది. చలికాలంలో హీటర్ వేసిన ఇంట్లో గాలి తేమ పాతిక శాతానికి పడిపోవడం మామూలే. ఆ గాలిలో కర్ర ఐదారు శాతానికి ఎండుతుంది. ఇరవై అంగుళాల పలక అంత ఎండితే మూడో వంతు అంగుళం ముడుచుకోవాలి. ఆ పలకను నాలుగు వైపులా జిగురుతో, మేకులతో బిగించేశారు. ముడుచుకోవడానికి చోటు లేక చీలింది. కొడుకుతో మాట్లాడి ఆ పలక ఊడదీయించాం. చీలిక వెంబడే అంచులు చిత్రిక పట్టి అతికించి, మూడు వైపులా గాడి పట్టీలు కొట్టి అందులోకి జారవిడవమన్నాను. ఇంట్లో తేమ పెంచే యంత్రం పెట్టుకుంటే ఇంకా మంచిది, మందిరానికే కాదు, మనుషుల చర్మానికి కూడా. విదేశాలకు సామాను తీసుకెళ్లేవాళ్లు పెట్టెకట్టే ముందే వడ్రంగితో ఒక్క మాట చెప్పండి: ఇది ఎక్కడికి వెళుతుందో.

అన్నట్టు, రాత్రిళ్లు బీరువా 'టక్' మంటే అది కూడా ఇదే. వేడి తగ్గి, తేమ మారి, ఎక్కడో బిగుసుకున్న అతుకు సర్దుకుంటోంది. మంత్రగాడికి డబ్బులివ్వకండి.

అపోహ: పాలిష్ కొడితే తేమ లోపలికి వెళ్లదు.

ఆలస్యమవుతుంది, ఆగదు. ఆ ఆలస్యం కూడా ఆరు వైపులా కొడితేనే. పట్టేసిన తలుపు ఏదైనా సరే, పై అంచు మీద చెయ్యి పెట్టి చూడండి. తొంభై పాళ్లు అక్కడ పాలిష్ చుక్క ఉండదు, అడుగు అంచున అసలే ఉండదు. వాటి గుండానే నీళ్లు తాగుతుంది. ఇక వానల్లో తలుపు పట్టేసింది కదా అని రెండు నూళ్లు చిత్రిక పట్టించారనుకోండి, ఫాల్గుణానికి ఆ సందులోంచి బల్లులు వస్తాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడం అంటే అదే. కార్తీకం దాకా ఆగి, ఎండిన రోజుల్లో అంచులకు పాలిష్ వేయించండి. వచ్చే వానల్లోనూ పట్టేస్తే అప్పుడు రుద్దించుకోండి.

అపోహ: మా పెరట్లో దుంగ పదేళ్లుగా పడి ఉంది, ఎండిపోయే ఉంటుంది.

దుంగ ఎండదు. పైన పగుళ్లిచ్చి ఎండినట్టు నటిస్తుంది, లోపల తడి అలాగే ఉంటుంది. పలకలుగా కోశాకే అసలు ఆరడం మొదలు. ఇంటికి ముహూర్తం దగ్గర పడిందని తాతగారి దుంగను కోయించి వారంలో తలుపులు బిగించేసే ఇళ్లు ఎన్ని చూశానో. పలకల మధ్య సన్న పట్టీలు పెట్టి, నీడలో, గాలి ఆడేచోట పేర్చండి. చివర్లకు పెయింట్ గానీ మైనం గానీ పూయండి, లేకపోతే చివర్లు ముందు ఎండి పగులుతాయి. అంగుళం మందానికి ఏడాది అనే లెక్క చలిదేశాలది, మన ఎండల్లో అంతకన్నా తొందరగానే ఆరుతుంది. కానీ నా మాటా నమ్మొద్దు, మిల్లువాడి మాటా నమ్మొద్దు. ఒక ముక్కను వంటింటి త్రాసు మీద పెట్టి తూకం రాసుకోండి. నాలుగు రోజులకోసారి తూయండి. తగ్గడం ఆగిందంటే ఆరినట్టు. మీటర్ ఉంటే ఇంకా సుఖం.

నగిషీ పని దగ్గరికి వస్తే

ఇక్కడా ఆ కదలికే రాజ్యం. గట్టి టేకు పలక మీద ఒకవైపు మాత్రమే రంగురంగుల పలచటి చెక్క పొరలు అతికించి, వెనక వైపు వదిలేస్తే పలక ఏదో ఒకవైపు వంగి తీరుతుంది. ముందు ఎంత మందం అతికించారో వెనకా అంతే అతికించాలి. ప్లైవుడ్‌లో పొరలు ఎప్పుడూ బేసి సంఖ్యలో ఉండేది ఈ సమతూకం కోసమే. పొరల నగిషీకి అడుగున మంచి ప్లైవుడ్ వాడటం నామోషీ కాదు. తవ్వి పొదిగే పనిలో అయితే, పొదిగే ముక్క పోగు (కర్రలో నార సాగే దిక్కు) అడుగు పలక పోగుతో ఒకే దిక్కులో పోయేలా చూసుకోవాలి. పొడుగాటి పట్టీని అడ్డంగా పొదిగితే రెండు వానాకాలాలు గడిచేసరికి లేచి కూర్చుంటుంది. అప్పుడు లప్పం పెడతారు. మళ్లీ వేసవిలో లప్పం రాలుతుంది.

"ఏనుగు దంతం లేకుండా నగిషీ ఏంటండీ" అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. మా ఊరికి ఆ చరిత్ర ఉన్నమాట నిజమే. 18వ శతాబ్దంలో కంపెనీ దొరల కోసం ఇక్కడి కంసాలులు జిట్రేగు (రోజ్‌వుడ్), నల్లచేవ (ఎబొనీ), టేకు కర్రల్లో దంతం పొదిగి, దంతం మీద సన్నగా చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవాళ్లు. తరవాత్తరవాత గంధపు చెక్క పెట్టెల మీద దంతపు రేకులే పూర్తిగా తొడిగారు. విజాగపటం పని అని పేరు పడిన ఆ సామాను లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అది అప్పటి మాట. ఈ దేశపు దంతం వ్యాపారాన్ని 1986లో, దిగుమతి దంతం వ్యాపారాన్ని 1991లో చట్ట సవరణలతో ఆపేశారు. "పాత దంతం, తాతలది" అని ఎవరైనా అమ్మజూపితే దగ్గరికి పోకండి. మైసూరు పనివాళ్లు జిట్రేగు మీద పనస, నల్లచేవ లాంటి కర్రల సహజమైన రంగులతోనే బొమ్మలు కడుతున్నారు. ఆ పనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. నీడలు కావాలా? సన్నటి ఇసుకను మూకుడులో వేడిచేసి, పొర అంచును అందులో గుచ్చితే మెల్లగా మాడి గోధుమ నీడ దిగుతుంది. తెల్ల చెక్కలో గులాబీ రేకుకి ఆ నీడ పడితే చూడాలి, నాకైతే దంతం గుర్తుకే రాదు.

మిగతావి, గబగబా

యంత్రం లేకుండా నున్నగా రాదంటారు. సాన బాగా పట్టిన చిత్రిక నడిచిన చెక్క అద్దంలా మెరుస్తుంది, గరుకు కాగితం రుద్దింది మసక వేస్తుంది. టేకులో సన్నటి ఇసుకలాంటి పదార్థం ఉంటుంది, పదును తొందరగా తినేస్తుంది, అంతే తేడా. మాటిమాటికీ సానరాయి దగ్గరికి వెళ్లాలి.

బొమ్మ ముక్కలు అంత బిగువుగా దిగాలంటే లేజరే కావాలంటారు. రెండు పొరల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి, సన్న రంపాన్ని కొద్దిగా వాల్చి ఒకేసారి కోస్తే, పై ముక్క కింది బెజ్జంలోకి దిగేటప్పుడు రంపం తిన్న దారి మూసుకుపోతుంది. వాలు ఎంతనేది పొర మందాన్ని బట్టి, ముందు పనికిరాని ముక్క మీద చూసుకోవాలి.

జిగురు ఎంత పోస్తే అంత గట్టి అనుకుంటారు. అంచులు సరిగ్గా కలిస్తే పలచటి పొర చాలు, కలవకపోతే బకెట్ పోసినా లాభం లేదు.

టేకుకి చెద పట్టదట. చేవకు, అంటే దుంగ నడిమి ముదురు చెక్కకు, అంత తొందరగా పట్టదు. చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్కను చెద హాయిగా తింటుంది. తొందరగా కొట్టేసిన తోట టేకులో ఆ తెల్ల భాగమే ఎక్కువ. రంగు పూసి దాచేస్తారు, పాలిష్ వేయకముందే వెళ్లి చూడండి.

కర్రల సహజ రంగు ఎప్పటికీ అలాగే ఉంటుందన్నది ఇంకోటి. పనస పసుపు గోధుమలోకి తిరుగుతుంది. జిట్రేగు ఎండకు వెలుస్తుంది. కిటికీ పక్కన పెట్టకండి.

చివరగా ఎర్రచందనం. "చిన్న ముక్కే కదా, ఎవరు చూస్తారు" అని జేబులో వేసుకుని తెచ్చేవాళ్లు నెలకొకరు తగులుతారు. అనుమతి, బిల్లు లేని ముక్క జానెడైనా నా బల్ల మీదికి రానివ్వను. ఎరుపు కావాలంటే ఆఫ్రికా పడాక్ అనే ఎర్ర కర్ర వాడతాను, అది కూడా కొన్నాళ్లకు గోధుమ రంగుకు దిగుతుందని ముందే చెప్పి.