వంశధార: 1962 నాటి లెక్క, నేటి నీళ్లు

ఉభాల (వరి నాట్ల) వేళ టెక్కలి, పలాస వైపు వంశధార కాలువ శివారు రైతు ముందు ఆకాశం చూస్తాడు, తర్వాత కాలువ చూస్తాడు. కాలువ అడుగున బురద తేలితే మడిలో నారు ముదిరిపోతుంది. ఆ కాలువకు నీళ్లు కేటాయించిన లెక్క 1962 నాటిది. వంశధార నది మీది గొట్టా బ్యారేజీ దగ్గర 75 శాతం నమ్మకంతో ఏటా 115 టీఎంసీలు ఉంటాయని, అందులో ఒడిశాకు సగం, ఆంధ్రప్రదేశ్‌కు సగమని ఆనాటి ఒప్పందం. 75 శాతం నమ్మకం అంటే వందేళ్లలో డెబ్బై అయిదేళ్లు ఆపాటి నీరు దొరుకుతుందని. మిగతా పాతికేళ్లు విడివిడిగా వస్తాయో, వరసగా మూడేళ్లు మీద పడతాయో ఆ అంకె చెప్పదు.

సాగునీటి ప్రాజెక్టు గిట్టుబాటును కూడా అలాగే ఒక్క అంకెతో తేల్చారు. ఖర్చుకు ఒకటిన్నర రెట్లు లాభం ఉంటే చాలని 1964లో గాడ్గిల్ కమిటీ సూచించింది. ఇలాంటి లెక్కల్లో రాబోయే లాభాన్ని నేటి విలువకు తగ్గిస్తారు. 10 శాతం చొప్పున తగ్గిస్తే ముప్పై ఏళ్ల తర్వాత వచ్చే వంద రూపాయలు ఈ రోజు ఆరు రూపాయలే. మనవడి పొలం కాగితం మీద ఇంత చిన్నదైపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

వంశధార మీద నేరడి దగ్గర బ్యారేజీ కట్టాలన్నది అసలు ఆలోచన. ముంపు భయంతో ఒడిశా ఒప్పుకోలేదు. 2005లో వంశధార ప్రాజెక్టు రెండో దశకు రూ.933 కోట్లతో అనుమతి ఇచ్చాక, బ్యారేజీకి బదులు కాట్రగడ్డ దగ్గర సైడ్ వియర్ తలపెట్టారు. ఇది నదికి అడ్డుగా ఉండదు, ఒడ్డున ఉండే గోడ. నది ఆ గోడ ఎత్తు దాటి పొంగితేనే నీరు పక్కకు దొర్లి, వరద కాలువలో పడి, హిరమండలం జలాశయానికి చేరుతుంది. 19 టీఎంసీల ఆ జలాశయం కోసం ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేశాయి. దాన్ని నింపే భారమేమో వరద రోజుల మీద పడింది. అది చాలక గొట్టా నుంచి ఎత్తిపోతల ఆలోచన వచ్చింది, దాంతో కరెంటు ఖర్చూ వచ్చి చేరింది.

ఆ కరెంటు ఎంత గట్టిదో 2018 అక్టోబరు 11న చూశాం. తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు స్తంభాలూ కూలాయి. మోటార్లు తిరగక ఊళ్లలో బిందెలు ఖాళీగా ఉండిపోయాయి. కిడ్నీ జబ్బుతో కుంగిన అదే ఉద్దానానికి 2023 డిసెంబరులో మొదలైన రూ.700 కోట్ల మంచినీటి పథకం కూడా హిరమండలం నీటి మీదే ఆధారపడింది. సాగుకు, తాగడానికి నీళ్లిచ్చే జలాశయం ఒకటే. ఏ పథకాన్ని దాని పాటికి దాన్ని లెక్కిస్తే అన్నీ గిట్టుబాటే. కరువొచ్చిన ఏడాది అన్నింటినీ కలిపి లెక్కవేస్తే ఎవరికి కోత పడుతుందన్నది అసలు ప్రశ్న.

పక్కన జంఝావతి నది మీది ప్రాజెక్టుది ఇంకో దారి. అక్కడా ముంపు తగువుతో డ్యామ్ ఆగితే, 2006లో రబ్బరు డ్యామ్ పెట్టారు. గాలి నింపితే నీరు నిలుస్తుంది, వరదొస్తే గాలి తీసేయొచ్చు. పూర్తి ఆయకట్టుకు నీరందలేదన్నది నిజం. అయినా రైతులు తగువు తేలేదాకా ఎండిపోకుండా కొంతైనా పండించుకున్నారు.

నేరడి బ్యారేజీకి 2017లో వంశధార జల వివాదాల ట్రిబ్యునల్ ఒప్పుకుంది. దానికి కావలసింది ఒడిశా వైపు 106 ఎకరాలు. 2021 నవంబరులో ఇద్దరు ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కూర్చుని దీని గురించే మాట్లాడుకున్నారు. ఆ బ్యారేజీ అంచనాలు మళ్లీ రాసేటప్పుడు 115 దగ్గర మొదలుపెట్టకుండా, ఇన్నేళ్లుగా గొట్టా గేట్ల దగ్గర రాసుకున్న ప్రవాహాల దగ్గర మొదలుపెట్టమని మా శివారు రైతుల తరఫున అడుగుతున్నాను.