'మద్రాస్ ఐ' అనే పేరు చాటున దాగిన కంటి వాపు

మా పిన్నిది నెల్లూరు. పెళ్ళయి పెరంబూరు వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. ఒక వానాకాలం ఆమె కుడికన్ను ఎర్రబడింది. చెన్నైలో కన్ను ఎర్రబడితే అందరి నోటా వచ్చే మాట ఒకటే, 'మద్రాస్ ఐ'. అంటే మన కండ్లకలకే. వీధి చివర మందుల షాపులో చుక్కల మందు ఇచ్చారు. రెండు రోజుల్లో ఎరుపు తగ్గింది. సీసా అయిపోగానే మళ్ళీ వచ్చింది, మళ్ళీ అదే సీసా. ఇలా ఎనిమిది నెలలు గడిచాయి. చివరికి కంటాసుపత్రిలో కంటిపాప పెద్దదయ్యే మందు వేసి చూస్తే, గుండ్రంగా విచ్చుకోవాల్సిన నల్లపాప వంకరటింకరగా, పూరేకుల అంచులా విచ్చుకుంది. పాప చుట్టూ ఉండే ఐరిస్ అక్కడక్కడా వెనకున్న లెన్సుకు అతుక్కుపోయింది. డాక్టరు చెప్పిన పేరు యువియైటిస్.

కండ్లకలక కంటి పైపొరకు వచ్చేది. దురద, పుసి, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి అంటుకోవడం, చాలావరకు వారం పదిరోజుల్లో తగ్గిపోవడం. యువియైటిస్ కంటి లోపలి పొరల వాపు. పుసి ఉండదు. లోపల సలుపు, వెలుగు చూడలేకపోవడం, చూపు మసకబారడం ఉంటాయి. నల్లగుడ్డు చుట్టూ ఉంగరంలా ఎరుపు కనిపిస్తుంది. ఒక్కోసారి ఎరుపే ఉండదు. బయటినుంచి ఈ తేడా పట్టుకోవడం కష్టం. అందుకే ఈ జబ్బు చరిత్రలో సగం, లోపలికి చూడటం నేర్చుకున్న చరిత్రే.

మద్రాసులో కంటాసుపత్రి మొదలైంది 1819లో. ఇప్పుడు ఎగ్మోరులో ఉన్నది అదే. ఆసియాలోనే అతి పాత కంటాసుపత్రి అంటారు. అది మొదలైన నాటికి ప్రపంచంలో ఏ డాక్టరూ బతికున్న మనిషి కంటి వెనకభాగాన్ని సరిగా చూసి ఎరగడు. అందుకు తగిన పరికరాన్ని జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ 1851లో చేశాడు. మన జబ్బుకు అసలైన మలుపు 1911లో స్వీడన్‌కు చెందిన గుల్‌స్ట్రాండ్ చూపిన స్లిట్ ల్యాంప్. పెంకుటింటి కప్పు సందులోంచి పడే ఎండలో దుమ్ము తేలుతూ కనిపిస్తుంది కదా, సన్నటి వెలుగు చారలో కంటి లోపలి నీళ్ళలో తేలే తెల్లకణాలు కూడా అలాగే కనిపిస్తాయి. ఆరోగ్యమైన కంట్లో అవి ఉండవు. వాటిని ఎలా లెక్కపెట్టాలో 2005లో ప్రపంచ నిపుణులు ఒక మాట మీదికి వచ్చారు. ఒక మిల్లీమీటరు చదరపు వెలుగులో 50కి మించి కనిపిస్తే వాపు అన్నిటికంటే పై మెట్టులో ఉన్నట్టు.

మందుల కథ ఇంకా చిత్రమైనది. అట్రోపిన్ అనే చుక్కల మందు పాపను విప్పి, ఐరిస్ అతుక్కోకుండా కాపాడుతుంది. అది మన ఉమ్మెత్తలోనూ ఉండే విషమే, కొలతలో వాడితే మందు. ఈనాటికీ వాడుతున్నారు. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో మాత్రం, టైఫాయిడ్ టీకా ఎక్కించి కావాలని జ్వరం తెప్పించడమూ వైద్యమే. 1948లో అమెరికాలో డాక్టర్ హెంచ్ బృందం కార్టిసోన్ అనే స్టెరాయిడ్‌ను కీళ్ళవాతానికి వాడింది. 1950లో నోబెల్ వచ్చింది. ఆ వెంటనే అది కంటికీ చేరింది. గుడ్డివాళ్ళవుతారనుకున్న ఎందరికో చూపు నిలిచింది. కానీ నెలల తరబడి వాడితే అదే స్టెరాయిడ్ శుక్లం తెస్తుంది, కంటి ప్రెజర్ పెంచి నీటికాసులూ తేగలదు. పిన్ని వాడిన సీసాలోనూ స్టెరాయిడే ఉంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. ఆ సీసా చేతిలో పట్టుకుని చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

యువియైటిస్‌కు కారణం వెతకడం దగ్గరే అసలు చిక్కు, మన దేశంలో మరీను. ఒకప్పుడు మొదటి అనుమానం టీబీ మీదికే పోయేది, ఇప్పుడూ ఆ అనుమానం పోలేదు. టీబీకి ఇంట్లోనే ఉండి మందులు వేసుకున్నా శానిటోరియంలో ఉన్నంత ఫలితం వస్తుందని 1950ల చివర్లో రుజువు చేసింది చెన్నై చెట్‌పట్‌లోని పరిశోధన కేంద్రమే. కానీ కంటి టీబీ ఊపిరితిత్తుల టీబీలా కఫంలో దొరకదు. కంట్లోంచి తీయగలిగేది ఒక బొట్టు, అందులో క్రిములు అరుదు. చర్మం మీద చేసే మాంటూ పరీక్ష మన పెద్దవాళ్ళలో చాలామందికి జబ్బు లేకపోయినా పాజిటివ్ వస్తుంది. టీబీ ఉందని తెలియక ఒట్టి స్టెరాయిడ్ ఇస్తే క్రిమికి మేలు చేసినట్టు. అనుమానం ఉన్నవారికల్లా టీబీ మందులు ఇద్దామంటే, వాటిలో ఇథాంబుటాల్ కంటి నరాన్నే దెబ్బతీయగలదు.

వానలూ వరదలూ తెచ్చేవి వేరే. 1993లో మదురై వరదల తర్వాత ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళతో సోకే లెప్టోస్పైరోసిస్ జబ్బు వెంట యువియైటిస్ కేసులు గుంపుగా బయటపడ్డాయి. 2006లో చికున్‌గున్యా వచ్చి తగ్గినవాళ్ళలో కొందరు కళ్ళ నొప్పితో మళ్ళీ ఆసుపత్రులకు వచ్చారు.

పిన్ని విషయంలో ఇవేవీ కాదు. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న కంటి గురించి కూడా కాదు: "పొద్దున లేవగానే నడుము పట్టేస్తుందామ్మా?" పట్టేస్తుంది, పదేళ్ళుగా. మేమంతా వయసు నొప్పులనుకున్నాం. అది వెన్నుపూసల కీళ్ళ వాపు. ఆ వెన్ను జబ్బుకూ, కంటి వాపుకూ హెచ్ఎల్ఏ-బి27 అనే జన్యువుతో సంబంధం ఉందని 1973లోనే తేలింది. రక్తపరీక్షలో పిన్నికి అది పాజిటివ్ వచ్చింది.

స్టెరాయిడ్ తగ్గించడానికి ఇప్పుడు దారులున్నాయి. కంటి మధ్యభాగానికో, వెనకభాగానికో వచ్చే మొండి వాపులకు చవకైన పాత మాత్ర మెథోట్రెక్సేట్, ఖరీదైన మైకోఫెనోలేట్‌కు తీసిపోదని 2019లో ఒక అంతర్జాతీయ పరీక్ష చూపింది. అందులో అరవింద్ కంటాసుపత్రుల రోగులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఒంటి రోగనిరోధక శక్తిని అణిచే అడాలిముమాబ్ ఇంజెక్షన్‌కు అమెరికాలో యువియైటిస్ కోసం అనుమతి వచ్చింది 2016లో. అయితే దాన్ని మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష తప్పనిసరి. ఒంట్లో నిద్రపోతున్న క్రిమిని అది లేపగలదు.

పిన్ని కుడికంట్లో ఇప్పుడు శుక్లం ముదురుతోంది. లోపల వాపు కనీసం 3 నెలలు పూర్తిగా అణిగి ఉంటే తప్ప ఆపరేషన్ చేయం అన్నారు. చెకప్‌కు వెళ్ళిన ప్రతిసారీ ఆమె గడ్డం స్లిట్ ల్యాంప్ మీద ఆనించి కూర్చుంటుంది, డాక్టరు కణాలు లెక్కపెడతారు. పోయినసారి 4. అంటే 3 నెలల లెక్క మళ్ళీ మొదటినుంచి.