నెగెటివ్ రక్తం: కోడలి లోపం కాదు

శ్రీకాకుళం జిల్లాలో తొలి పురుడు పుట్టింట్లోనే పోస్తారు. ఏడో నెలలో పిల్లని తీసుకొస్తే, బట్టల సంచీతో పాటు ఆసుపత్రి కార్డూ వస్తుంది. దాని మీద ‘నెగెటివ్’ అని ఉంటే ఇంటిల్లిపాదికీ టెన్షన్. రక్తంలో దోషం ఉందని చెప్పకుండా పెళ్లి చేశారన్న మాట కూడా విన్నాను.

ఆ మాట వెనక ఉన్నది ఆర్‌హెచ్‌డీ అనే జన్యువు. ఒకటో క్రోమోజోము మీద ఉంటుంది. ఎర్ర రక్తకణం పొరలో ఇమిడి ఉండే ఒక ప్రొటీన్ దాని వల్ల తయారవుతుంది. అది ఉంటే పాజిటివ్, లేకపోతే నెగెటివ్. మన దేశంలో నూటికి సుమారు 5 మంది నెగెటివే. అది జబ్బు కాదు.

చిక్కు కడుపుతో ఉన్నప్పుడే. తల్లి నెగెటివ్, తండ్రి పాజిటివ్ అయితే బిడ్డకు తండ్రి జన్యువు రావచ్చు. కాన్పులో బిడ్డ రక్తం కాస్త కలిస్తే, తల్లి ఒళ్లు ఆ ప్రొటీన్‌ను పరాయిదనుకుని దాని మీద పోరాడే యాంటీబాడీలను పుట్టించవచ్చు. తొలిచూలు బిడ్డకు సాధారణంగా ఏమీ కాదు. తర్వాతి బిడ్డ కూడా పాజిటివ్ అయితే, ఆ యాంటీబాడీలు మాయ దాటి వెళ్లి ఎర్రకణాలను నాశనం చేస్తాయి. బిడ్డ కడుపులోనే పోవచ్చు, పుట్టగానే కామెర్లు ముదరొచ్చు. మా నాయనమ్మ కాలంలో ఇలా పోయిన బిడ్డలకు బాలారిష్టమనేవారు, లేదంటే మేనరికం వల్లే అనేవారు. కానీ దీనికి దగ్గర చుట్టరికం కారణం కాదు. తల్లికి లేనిది తండ్రి నుంచి రావడమే కారణం.

1939లో న్యూయార్క్‌లో ఫిలిప్ లెవిన్, రూఫస్ స్టెట్సన్ అనే డాక్టర్లు ఒక తల్లి గురించి రాశారు. బిడ్డ కడుపులోనే చనిపోయింది. ఆమెకు భర్త రక్తం ఎక్కిస్తే వికటించింది. మరుసటి ఏడాది లాండ్‌స్టైనర్, వీనర్ అనే శాస్త్రవేత్తలు రీసస్ కోతి రక్తంతో చేసిన ప్రయోగాల నుంచి ఆర్‌హెచ్ అన్న పేరు వచ్చింది. 1960లలో లివర్‌పూల్, న్యూయార్క్ బృందాలు విడివిడిగా ఒకే ఉపాయం పట్టుకున్నాయి. యాంటీబాడీని మనమే ముందుగా ఎక్కిస్తే తల్లి శరీరం సొంతంగా తయారుచేసుకోదు. 1968లో అమెరికాలో ఆ ఇంజెక్షన్‌కు అనుమతి వచ్చింది. అదే యాంటీ-డి. నెగెటివ్‌లలో చాలామందికి అసలు ఆ జన్యువే లేదని ఫ్రాన్స్ పరిశోధకులు చెప్పింది 1991లో. కారణం తెలియడానికి 23 ఏళ్ల ముందే మందు వచ్చి బిడ్డలను బతికించింది!

తల్లిలో యాంటీబాడీలు లేవని పరీక్షలో తేలాక, 28 వారాలకు ఒక డోసు వేస్తారు. పాజిటివ్ బిడ్డ పుడితే 72 గంటల్లోగా ఇంకొకటి. యాంటీబాడీలు పుట్టేశాక వేసినా ఫలితం ఉండదు. 28 వారాలంటే పిల్ల అత్తింటి నుంచి పుట్టింటికి మారే రోజులే. వాళ్లు వేయించారని వీళ్లు, వీళ్లు వేయిస్తారని వాళ్లు అనుకుంటే ఆ డోసు తప్పిపోతుంది. నాకు భయం అక్కడే.

మా మేనకోడలి కార్డులో భర్త గ్రూపు రాసే చోటు ఏడో నెల దాకా ఖాళీయే. అల్లుడు చెన్నైలో పని చేస్తాడు. పరీక్ష చేయించుకుని రిపోర్టు ఫొటో పంపమని మేమే ఫోన్ చేశాం. ఓ పాజిటివ్ అని వచ్చింది. మర్నాడు పొద్దున్నే పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్లాం.