విడాల్ పాజిటివ్ నుంచి టీకా దాకా: టైఫాయిడ్ మీద అపోహలు - వాస్తవాలు

టైఫాయిడ్ బాక్టీరియా మీద మనిషి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను కొలవడం నా ఉద్యోగం. బంధువులకు ఇందులో ఒక్కటే అర్థమైంది. ఎవరికి జ్వరం వచ్చినా రిపోర్టు ఫోటో నా వాట్సాప్‌కి వస్తుంది.

అపోహ: విడాల్ పాజిటివ్ అంటే టైఫాయిడే.

ఇది 1896 నాటి పరీక్ష. బాక్టీరియాలోని ఓ, హెచ్ అనే యాంటిజెన్ల (మన ఒళ్ళు గుర్తుపట్టే భాగాల) మీద రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయా అని చూస్తుంది, అంతే. అవి ఎప్పుడో వచ్చిపోయిన జ్వరం వల్ల కావచ్చు, టైఫాయిడ్ బాక్టీరియా కుటుంబమైన సాల్మొనెల్లాలో వేరే రకం వల్ల కావచ్చు. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్‌కి (రక్తంలోని బాక్టీరియాని పెంచి చూసే పరీక్షకి) ఇవ్వడం మేలు. దాంట్లోనూ కొన్ని కేసులు తప్పిపోతాయి.

అపోహ: ఒకసారి వస్తే ఇక రాదు.

వస్తుంది. తట్టులాగా జీవితాంతం కాపాడే రోగనిరోధకత దీనికి లేదు.

అపోహ: టీకా పనిచేస్తుందో లేదో ఎలుకలు చెప్పేస్తాయి.

టైఫాయిడ్ బాక్టీరియా మనిషినే ఎంచుకుంది. మామూలు ఎలుకకి ఎక్కించినా మనకొచ్చే జబ్బు రాదు. అందుకే ఆక్స్‌ఫర్డ్‌లో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు, అన్నీ తెలిసే ఒప్పుకుని, టీకా వేయించుకున్న నెల రోజులకు ఆ బాక్టీరియానే తాగారు. కడుపులో యాసిడ్ దాన్ని చంపకుండా ముందు సోడియం బైకార్బొనేట్ నీళ్ళు ఇచ్చారు. రెండు వారాలు రోజూ పరీక్షలు, జబ్బు తేలగానే యాంటీబయాటిక్. ఏమీ రాకపోయినా చివర్లో కోర్సు ఇచ్చారు. పరీక్షించిన టీకాల్లో ఒకటి హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ చేసిన కాంజుగేట్ టీకా, అంటే బాక్టీరియా చక్కెర తొడుగుని ఒక ప్రొటీన్‌కి తగిలించి చేసింది.

అపోహ: యాంటీబాడీలు ఎంత ఎక్కువుంటే అంత రక్షణ.

నేనూ నమ్మినవాణ్ణే. యాంటీబాడీలను కొలిచే ఎలైజా పరీక్ష ప్లేటులో పసుపు ముదిరితే, అంటే యాంటీబాడీలు ఎక్కువుంటే, సంబరపడేవాణ్ణి. 2017లో ఆక్స్‌ఫర్డ్ ఫలితాలు వచ్చాయి. బాక్టీరియా పైన ఉండే వీఐ అనే చక్కెర తొడుగుతోనే చేసిన పాత టీకా 52 శాతం, కాంజుగేట్ 54.6 శాతం కాపాడాయి. యాంటీబాడీలు మాత్రం కాంజుగేట్‌తో చాలా ఎక్కువ. తర్వాత అదే రక్తాన్ని లోతుగా చూస్తే, రక్షణకి బాగా ముడిపడినట్టు కనిపించింది ఐజీఏ అనే రకం. ఎంత ఉందన్నదే కాదు, ఏ రకం ఉందన్నదీ చూడాలి. ఇంకో సాక్ష్యం కేరియర్లు, అంటే జబ్బు లేకుండానే బాక్టీరియాని ఒంట్లో మోసేవాళ్ళు. వాళ్ళ రక్తంలో వీఐ యాంటీబాడీలు మెండుగా ఉంటాయి, పిత్తాశయంలో బాక్టీరియా మాత్రం హాయిగా కాపురం చేస్తుంటుంది.

మరి కాంజుగేట్ ఎందుకంటారా? ఉత్త చక్కెర తొడుగు రోగనిరోధక వ్యవస్థలోని 'టీ కణాల్ని' కదిలించలేదు, అందుకే పాత టీకా రెండేళ్ళలోపు పిల్లలకి పనికిరాదు. ఆ చక్కెరని టెటనస్ టాక్సాయిడ్ ప్రొటీన్‌కి తగిలిస్తే టీ కణాలు రంగంలోకి దిగుతాయి, పసిపిల్లల్లోనూ పనిచేస్తుంది. నేపాల్‌లో 9 నెలల నుంచి 16 ఏళ్ళ పిల్లలకి వేస్తే రక్షణ 81.6 శాతం వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లో తక్కువ రావడానికి ఒక కారణం లెక్క: అక్కడ జ్వరం లేకుండా రక్తంలో బాక్టీరియా కనిపించినా జబ్బు కిందే రాశారు. జ్వరం వచ్చి, ఆపై కల్చర్ పాజిటివ్ అయినవాళ్ళనే లెక్కేస్తే కాంజుగేట్ 87 శాతం కాపాడింది.

అపోహ: టీకా వేయించాం, ఇక ఏ బండి దగ్గర పానీపూరీ తిన్నా ఫర్వాలేదు.

టైఫాయిడ్ లాంటి జ్వరమే తెచ్చే మరో బాక్టీరియా, పారాటైఫాయిడ్ ఏ, కూడా ఆ నీళ్ళలోంచే వస్తుంది. దాని మీద వీఐ తొడుగే ఉండదు, కాబట్టి ఈ టీకాతో వచ్చిన యాంటీబాడీలకి పట్టుకోవడానికి ఏమీ దొరకదు.