చర్మ లింఫోమా: కంచే చేను మేస్తే (అపోహలు - వాస్తవాలు)

చర్మం బయాప్సీలు మైక్రోస్కోపు కింద చూసి రిపోర్టు రాయడం నా పని. లింఫోసైట్లు అనే తెల్లరక్తకణాల్లో పుట్టే క్యాన్సర్ లింఫోమా. చర్మ లింఫోమాల్లో ఎక్కువగా కనిపించేది మైకోసిస్ ఫంగాయిడిస్. దాని గురించి పేషెంట్లు, అప్పుడప్పుడు జూనియర్ డాక్టర్లు కూడా అనే మాటలు కొన్ని ఇవి.

అపోహ: పేరులోనే ఫంగస్ ఉంది, తామర లాంటిదే.

కాదు. 1806లో ఈ జబ్బును మొదట వర్ణించింది ఫ్రెంచ్ వైద్యుడు అలిబేర్. గడ్డలు పుట్టగొడుగుల్లా ఉన్నాయని ఆ పేరు నిలిచిపోయింది. ఇందులో ఫంగస్ లేదు, ఇది ఎవరికీ అంటదు. ఆ పేరుకి మేం మాత్రం ఇప్పటికీ సంజాయిషీ చెప్పుకుంటున్నాం.

అపోహ: ఇది చర్మ కణాల క్యాన్సర్.

కాదు. టీ కణాలంటే లింఫోసైట్లలో ఒక రకం. చర్మంలో కాపలా కాసే టీ కణాలు రక్తంలో తిరిగేవాటికంటే ఎక్కువే ఉంటాయి. వాటిలో ఒకటి, సాధారణంగా సీడీ4 రకానిది, అదుపు తప్పి తన లాంటివాటినే పుట్టిస్తూ పోతుంది. కంచే చేను మేయడమన్నమాట.

అపోహ: బయాప్సీలో కనిపించే లింఫోసైట్లన్నీ క్యాన్సరే.

నాకు అన్నిటికంటే తలనొప్పి ఇక్కడే. తొలిదశ మచ్చలో కనిపించే కణాల్లో చాలావరకు మంచివే, చెడ్డవాటి మీదికి వచ్చినవే. వాటిలో సీడీ8 అనే మరో రకం టీ కణాలు క్యాన్సర్ కణాలను చంపగలవు. అవి బాగా ఉన్నవాళ్లలో జబ్బు నెమ్మదిగా నడుస్తుంది. కానీ ఆ గుంపులో దొంగెవరో పోలీసెవరో రూపం చూసి చెప్పడం కష్టం. అందుకే మొదటి బయాప్సీలో తేలకపోవచ్చు, రెండోదీ మూడోదీ అడుగుతాం. పైగా మెడికల్ షాపులో కొన్న స్టెరాయిడ్ క్రీము రాసుకుని వస్తారు. దాంతో కణాలు పలచబడిపోయి స్లైడు మీద మాకేమీ మిగలదు. బయాప్సీకి ముందు రెండు నుంచి నాలుగు వారాలు క్రీము ఆపమనేది అందుకే.

మన మేనిఛాయ ఉన్నవాళ్లలో, ముఖ్యంగా పిల్లల్లో, యువతలో, ఇది తెల్లని మచ్చలుగా రావచ్చు. బొల్లి అనో కుష్ఠు అనో ఏళ్ల తరబడి మందులు వాడినవాళ్లున్నారు. విచిత్రమేమిటంటే, ఈ రకంలో అదుపు తప్పేవి చాలాసార్లు సీడీ8 కణాలే. అయినా ఇది సాధారణంగా నిదానంగా నడిచే రకం.

అపోహ: ఇమ్యూనిటీ పెంచే పొడులు తింటే తగ్గుతుంది.

ఇమ్యూనిటీ ఫ్యాన్ రెగ్యులేటర్ కాదు, ఒక్క తిప్పుడుతో పెరగడానికి. జబ్బు ముదిరేకొద్దీ రోగనిరోధక వ్యవస్థ అలర్జీ తరహాకి మళ్లుతుంది. దురద నిద్రపోనివ్వదు, చర్మంలో స్టాఫ్ బ్యాక్టీరియా చేరుతుంది, దాని విషాలు చెడ్డ టీ కణాలను ఇంకా రెచ్చగొడతాయి. ఎగ్జిమా అనుకుని, ఇమ్యూనిటీని అణిచే సైక్లోస్పోరిన్ మందు ఇస్తే కాపలా కూడా పోయి జబ్బు విజృంభించవచ్చు. పెంచడమూ అణచడమూ కాదు, గురి చూసి కొట్టాలి. 2018లో అమెరికాలో ఆమోదం పొందిన మొగాములిజుమాబ్ అనే మందు చేసేది అదే. చెడ్డ టీ కణాల మీద తరచూ కనిపించే సీసీఆర్4 అనే గుర్తు ఉన్న కణాలను పట్టుకుంటుంది.

అపోహ: క్యాన్సర్ కాబట్టి వెంటనే కీమో.

తొలిదశలో క్రీములు, లైట్ థెరపీ చాలు. మచ్చలు ఒంటిమీద పది శాతం లోపే ఉన్నవాళ్ల ఆయుష్షు దాదాపు అందరిలాగే ఉంటుంది. మొదట్లోనే కీమో, రేడియేషన్ కలిపి గట్టిగా ఇచ్చినా ఆయుష్షు పెరగలేదని 1989లోనే ఒక ట్రయల్ చూపించింది.

ఒక్క మాట: పాత బయాప్సీ బ్లాకులు (మైనంలో భద్రపరిచిన చర్మం ముక్కలు), స్లైడ్లు పారేయకండి. రెండు వేర్వేరు చోట్ల మచ్చల్లో ఒకే టీ కణం సంతతి జీన్ పరీక్షలో దొరికితే, నా రిపోర్టులో 'అనుమానం' అనే మాట కొట్టేయడానికి అది పెద్ద ఆధారం.