కెల్పీ కథలు: అపోహలు - వాస్తవాలు

జానపద సాహిత్యం బోధించడం నా వృత్తి. స్కాట్లండ్ జానపద కథల్లోని కెల్పీ లాంటి నీటి గుర్రాల గురించి మొదలుపెట్టగానే తెలుగు విద్యార్థుల మనసులో హిప్పోపొటమస్ మెదులుతుంది. మన భాషలో నీటి గుర్రం అంటే అదే కదా! వీటి సంగతి వేరు. ఏటి ఒడ్డున ఒంటరిగా మేస్తూ, ఎక్కమన్నట్టు నిలబడే అందమైన గుర్రం ఇది. ఎక్కినవాడు మళ్లీ దిగడు. హిప్పోపొటమస్ అనుకునే పొరపాటు మొదటి రోజే తొలగిపోతుంది. ఇంటర్నెట్‌లో పాతుకుపోయిన మిగతా అపోహలే నన్ను బాధపెడతాయి.

అపోహ: నీటి గుర్రాలన్నీ కెల్పీలే.

వాస్తవం: కెల్పీ పారే నీటిది. ఏళ్లలో, వాగుల్లో, మనుషులు నడిచి దాటే రేవుల్లో ఉంటుంది. స్కాట్లండ్ కొండ ప్రాంతమైన హైలాండ్స్‌లో గేలిక్ భాష మాట్లాడే ప్రజల నీటి గుర్రం ‘ఎఖ్ ఉష్క’ సరస్సుల్లో, సముద్రపు పాయల్లో ఉంటుంది. క్రూరత్వంలో కెల్పీని మించినది. దాని ఒంటిని తాకితే చెయ్యి అతుక్కుపోతుంది. ఒక కథలో పిల్లలందరూ వీపు మీదికెక్కుతారు, ఎక్కేకొద్దీ వీపు పొడవు పెరుగుతుంది. చివరి కుర్రాడు వేలితో ముట్టుకుంటాడు, వేలు రాదు. చాకు తీసి ఆ వేలు కోసుకుని బతుకుతాడు. మిగిలినవారి కాలేయాలు మాత్రం నీటిపై తేలుతాయి. స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల నీటి గుర్రం న్యుగుల్ ఇంత ఘోరమైనది కాదు. అది నీటి మరల చక్రాలను ఆపేస్తుంది, ఎక్కినవాణ్ణి ముంచి వదిలేస్తుంది. వేల్స్‌కూ, మాన్ దీవికీ తమ తమ నీటి గుర్రాలున్నాయి. అన్నింటినీ ఒకే పేరుతో కలిపేస్తే, ఏ నీటితో ఏ ప్రమాదమో ఎరిగిన ఊళ్ల జ్ఞానం చెరిగిపోతుంది.

అపోహ: నీటి గుర్రం మనిషి రూపం దాలిస్తే అది మాయలాడి అయిన అందగత్తె.

వాస్తవం: నేటి బొమ్మలు అలాగే ఉంటాయి. హైలాండ్స్‌లో సేకరించిన కథల్లో మాత్రం ఎక్కువగా యువకుడే కనిపిస్తాడు. పశువులు కాసే అమ్మాయి పక్కన కూర్చుంటాడు, ఆమె ఒడిలో తల పెట్టి నిద్రపోతాడు. ఆమె అతని జుట్టు సవరిస్తూ ఉంటే వేళ్లకు ఇసుక తగులుతుంది, నీటి నాచు తగులుతుంది. అరవదు. అతని తల కింద ఉన్న గుడ్డను మెల్లగా కత్తిరించి అక్కడే వదిలి, ఇంటికి పరుగెడుతుంది. గుర్తుపట్టడానికి ఆ నాచే ఆధారం.

అపోహ: పిల్లలను భయపెట్టడానికే ఈ కథలు పుట్టాయి.

వాస్తవం: ఆ ఉపయోగమూ ఉంది. కానీ స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ 1786లో అచ్చయిన కవితలో కెల్పీలను ఎక్కడ చూపాడో గమనించండి: మంచు కరిగే రోజుల్లో, రేవుల దగ్గర, రాత్రి ప్రయాణికులకు. ఏరు పొంగే కాలమది. మునిగిపోయేది పెద్దవాళ్లే.

అపోహ: స్కాట్లండ్‌లోని ఫాల్కర్క్ పట్టణంలో ఉన్న ఉక్కు గుర్రపు తలల శిల్పాలు ఆ రాక్షసికి ప్రతిరూపాలు.

వాస్తవం: పేరు కెల్పీలదే. సుమారు 30 మీటర్ల ఎత్తున్న ఆ తలలకు శిల్పి ఆండీ స్కాట్ నమూనాగా తీసుకున్నవి క్లైడ్స్‌డేల్ జాతి బరువు గుర్రాలు. పొలాల్లో, కాలువల వెంట చాకిరీ చేసిన గుర్రాలకు అవి గౌరవం.

అపోహ: నీటి గుర్రాన్ని ఎవరూ గెలవలేరు.

వాస్తవం: కళ్లెం చిక్కించుకుంటే కెల్పీ లొంగుతుంది. స్కాట్లండ్‌లోని మోర్ఫీ అనే చోటి జమీందారు అలాగే దానితో తన కోటకు రాళ్లు మోయించాడని కథ. స్కాట్లండ్‌లోని ‘రాసే’ (Raasay) అనే దీవి కథ ఇంకా గట్టిది. 1773లో రచయిత జేమ్స్ బాస్వెల్ ఆ దీవికి వెళ్లినప్పుడు మాల్కమ్ మెక్‌లౌడ్ అనే వృద్ధుడు ఒక చిన్న సరస్సు చూపించాడు. అందులోని గుర్రం ఒకడి కూతుర్ని మింగింది. ఆ తండ్రి పెద్ద మంట వేసి పందిని కాల్చాడు, ఇనుప చువ్వను నిప్పుల్లో పెట్టాడు, పేర్చిన రాళ్ల గోడ వెనుక నక్కాడు. వాసనకు అది పైకి రాగానే ఎర్రగా కాలిన చువ్వతో చంపాడు. మాల్కమ్ ఆ రాళ్ల వరుసలనూ, దాక్కున్న చోటునూ చూపించాడు. ఈ కథ చెప్పేటప్పుడు అతను నవ్వలేదని బాస్వెల్ ప్రత్యేకంగా రాసుకున్నాడు.